భూమన్న ద్వారా చాటింపు వేయించడమైనది

మే 8, గురువారం

ఈ రోజు ఆఫీసులో ఒక అబద్ధం రాశాను. పెద్దదేం కాదు, ఒక కాగితానికి సరిపోయేంత.

ఈ నోటుబుక్కు తెలుగులో రాసుకోవడం మంచిదైంది. చంద్రపూర్‌లో మా రోడ్ల ఆఫీసు నడిచేది మరాఠీలో; తెలుగు మాట్లాడేవాళ్లు ముగ్గురున్నారు, చదివేవాళ్లు ఒక్కరూ లేరు. ఇంట్లో అవ్వకు, అంటే మా అమ్మకు, ఏ అక్షరమూ రాదు. ఆసిఫాబాద్‌లో మామ ఇంట్లో ఉండి పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివినందుకు ఇన్నాళ్లకు ఒక లాభం కనబడింది.

రోడ్డుకు మొరం మట్టి కొనే టెండరు. సర్కారు ఏం కొన్నా ముందు నలుగురికీ చెప్పి కొనాలి. పేపర్లో వేయాలి, ఆఫీసు బోర్డుకు అంటించాలి, మట్టి ఏ ఊళ్లో తవ్వుతారో ఆ ఊళ్లో గోడకు అంటించి దవండి కొట్టించాలి. దవండి అంటే మన చాటింపే. వారానికొకసారి, మూడు వారాలు. మొదటి చాటింపు నుంచి పదిహేను రోజుల్లో ఎవరైనా అభ్యంతరం రాసిస్తే ఆ చోటు వదిలేయాలి. ఎవరూ ఇవ్వకపోతే టెండరు తెరుస్తారు. "ఊరికి చెప్పాం, ఎవరూ కాదనలేదు" అని సర్టిఫికెట్ రాసేది నేను. మూడేళ్లుగా అదే పని. జూన్ ఆఖరుకు నా కాంట్రాక్టు మళ్లీ రాయాలి, అందుకని ఫైళ్లు శుభ్రంగా ఉంచుకుంటాను.

ఈసారి ఐదు ఊళ్లు. నాలుగింటికి నేనే పోయాను, ప్యూన్ మారుతి బండి వెనక జిగురు డబ్బా పట్టుకుని. విసాపూర్‌లో గోడకు పూసేలోపే జిగురు బ్రష్షు మీద ఎండిపోయింది. ఐదోది జునా ఈదులగూడ. జునా అంటే పాత. సాస్తి దిక్కు బొగ్గు గని కోసం ఆ ఊరిని లేపి పదకొండేళ్లు. ఇళ్లు లేవు, బడి లేదు, పంచాయతీ గోడ లేదు. మనుషులందరం రాజురా రోడ్డు పక్క కాలనీలో ఉన్నాం. కాగితాల్లో మాత్రం ఊరు ఉంది. అక్కణ్ణుంచి లేపడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

హెడ్ క్లర్క్ వినాయక్ సార్ పాత ఫైలు తీసి నా ముందు పెట్టాడు. "పన్నెండేళ్ల కిందటి సర్టిఫికెట్ ఉంది. తేదీలు మార్చి దించెయ్. మూడు వారాలదీ ఒకేసారి రాసి సంతకం పెట్టెయ్, నిశ్చింత" అన్నాడు.

దించాను. మే 6, 13, 20, మూడు మంగళవారాలు, ఉదయం పది గంటలకు "గ్రామ కోత్వాల్ భూమన్న ద్వారా చాటింపు వేయించడమైనది." అందులో రెండు తేదీలు ఇంకా రానేలేదు.

భూమన్న మా బాపు, నన్ను కన్న తండ్రి. ఊరి సర్కారీ పనులన్నీ, చాటింపుతో సహా, ముప్పై ఏళ్లు చేశాడు. పోయి మూడేళ్లయింది. పేరు మార్చాలంటే ఇంకొక కోత్వాల్ పేరు కావాలి. లేని ఊరికి కోత్వాల్ ఎక్కడి నుంచి వస్తాడు? అట్లాగే ఉంచాను.

మట్టి తీసే చోటు కాగితంలో "గైరాన్" అని ఉంది, ఎవరిదీ కాని పడావు భూమి అని. అది మా బొందలగడ్డ, చచ్చినవాళ్లను పూడ్చే చోటు. కాలనీ ఇచ్చినవాళ్లు బొందలగడ్డ ఇవ్వలేదు, ఇప్పటికీ మా వాళ్లందరినీ అక్కడికే తీసుకుపోతాం. బాపు అక్కడే ఉన్నాడు. ఈ మాట వినాయక్ సార్‌కు చెప్పాను కూడా. "ఐదు చోట్లలో అది ఐదోది తల్లీ. మొదటి రెండింటితోనే రోడ్డు అయిపోతుంది. అంతదాకా ఎవడొస్తాడు?" అన్నాడు.

నిజమే. అంతదాకా ఎవరొస్తారు.

మే 9, శుక్రవారం

సాయంత్రం బస్సు దిగేసరికి మల్లమ్మ పెద్దవ్వ బోరింగు దగ్గర బిందె నింపుతోంది. నన్ను చూసి కొట్టడం ఆపింది.

"సుభాషిణీ, మంగళారం డప్పెందుకు మోగింది?"

"ఎక్కడ పెద్దవ్వా?"

"గా పాత ఊరు దిక్కుకెల్లి. పొద్దుగాల పది అయితుండె. గ్యాసు బండి అచ్చి పోయింది, ఎన్కనే మోగింది."

పెళ్లి డప్పు అయ్యుంటుంది అన్నాను.

"పెండ్లి డప్పు నాకు ఎర్క లేదా? గది చాటింపు. రెండు కొట్టి ఆగుడు, ఎన్క మూడు. ఆఖర్ల అంచు మీద ఒకటి. మీ బాపుదే గట్ల ఉంటుండె."

ఇంట్లో అవ్వ బెండకాయలు తరుగుతోంది. అడిగాను, మంగళవారం నువ్వూ విన్నావా అని.

"ఇన్న."

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెప్తె నువ్వేమంటవ్, పెండ్లి డప్పంటవ్."

మే 10, శనివారం

ఆ తేదీ, ఆ వేళ కాలనీలో ఎవరికీ చెప్పలేదు. మారుతికి కూడా తెలియదు. మంగళవారం అయిపోయిన రెండు రోజులకు కదా నేను రాసింది.

మే 11, ఆదివారం

నేను భయపడే మనిషిని కాదు. చచ్చినవాళ్ల పేర పింఛన్లు నడుస్తున్న ఫైళ్లు చూసినదాన్ని. ఎవరో పిల్లలు ఖాళీ డ్రమ్ము కొట్టి ఉంటారు. గాలి అటు నుంచి ఇటు వీచి ఉంటుంది. ముసలాళ్ల చెవులు.

బాపుకు చదువు రాదు. తహసీల్ ఆఫీసులో గుమాస్తా ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, ముక్క పొల్లు పోకుండా పట్టుకొచ్చేవాడు. ఊళ్లో తొమ్మిది మూలలు. ప్రతి మూలా డప్పు కొట్టి, ముందు మరాఠీలో చెప్పి, తర్వాత మన మాటలో చెప్పేవాడు. నేను సెలవులకు వచ్చినప్పుడు వెంట తిరిగేదాన్ని. ఒకసారి గుమాస్తా తేదీ తప్పు చెప్పాడు. తెల్లారి సంగతి తెలిసి బాపు మళ్లీ తొమ్మిది మూలలూ తిరిగాడు. "నిన్న చాటింది తప్పు, గిది ఖరా" అని. ఖరా అంటే నిజం. తిరగమని ఎవరూ చెప్పలేదు. ఎందుకని అడిగితే, "నోట్లెకెల్లి అచ్చింది బిడ్డా, నేనే తీసుకోవాలె" అన్నాడు.

ఈ సంగతి ఎందుకు రాశానో తెలియదు. రేపు బుద్ధ పూర్ణిమ, ఆఫీసుకు సెలవు. ఎల్లుండి మంగళవారం.

మే 13, మంగళవారం

కడుపునొప్పి అని సెలవు పెట్టాను.

తొమ్మిదిన్నర నుంచి గడపలో కూర్చున్నాను. అవ్వ నా పక్కన, మల్లమ్మ పెద్దవ్వ ఎదురుగా చేటలో బియ్యం చెరుగుతూ. వాళ్లకు ఏమీ చెప్పలేదు. ఫోన్లో టైం చూస్తూనే ఉన్నాను.

పది అయింది. గని లారీల చప్పుడు. పక్కింటి కూలరు. ఎక్కడో కుక్క.

పెద్దవ్వ చేట ఆగింది. అవ్వ తల ఎత్తింది. రెండిళ్ల అవతల బండి కడుక్కుంటున్న సంజీవ్ నల్లా కట్టేసి పాత ఊరి దిక్కు చూశాడు. ఆ అబ్బాయి ముసలాడు కాదు.

నాకేమీ వినబడలేదు.

"ఇనవడుతుందా?" అని అడిగాను. అవ్వ కుడిచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. రెండు. ఆగాయి. మూడు. మళ్లీ రెండు. ఆ వేళ్లను చూస్తూ బాపు చాటింపు మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఎంతసేపని చెప్పను, రెండు నిమిషాలుంటుందేమో. చివరికి గోరుతో గడప అంచు మీద ఒకటి కొట్టి అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది.

పెద్దవ్వ మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. "ఏమో చాటుతుండు. మాటే ఇనవడుతలేదు గీడిదాక" అంది, పొద్దున రేడియో సరిగా పలకలేదన్నట్టు.

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. కాలనీలో అందరికీ వినబడింది, కన్నబిడ్డకు వినబడలేదు.

మే 14, బుధవారం

పొద్దున బస్‌స్టాప్‌లో నలుగురు చుట్టూ చేరారు. సర్కారీ ఆఫీసులో చేస్తాను కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. చాటింపు దేని గురించి అని.

రోడ్డు పని అన్నాను.

"రోడ్డు మంచిదే. మట్టి ఏడికెల్లి తెస్తరు?" అంది మల్లమ్మ పెద్దవ్వ. ఆమె పెనిమిటి మొండయ్య, మూడో ఏట పోయిన కొడుకు, ఇద్దరూ ఆ గడ్డ మీదే ఉన్నారు.

ఎక్కడిదో తెలియదు అన్నాను. బస్సు వచ్చింది.

ఇది రెండో అబద్ధం. రేపు వినాయక్ సార్‌తో మాట్లాడతాను.

మే 15

మాట్లాడలేదు. ఆడిట్ వాళ్లొచ్చారు.

మే 16, శుక్రవారం

మాట్లాడాను.

"సార్, జునా ఈదులగూడలో మనం దవండి కొట్టించలేదు కదా. కాలనీ వాళ్లు విన్నామంటున్నారు."

వినాయక్ సార్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. చెడ్డవాడు కాదు. బీపీ మాత్ర డబ్బా, కూతురి పరీక్షల టైంటేబులు, టెండరు తేదీలు అన్నీ ఒకే సొరుగులో పెట్టుకుని బతికే మనిషి. కళ్లద్దాలు పెట్టుకుని నవ్వాడు.

"బరం ఝాలం" అన్నాడు. మంచిదే అయింది అని. "విన్నామంటే విన్నట్టే. ఐదుగురి సంతకాలు తీసుకో. రేపు ఎవడైనా అడిగినా కాగితం గట్టిగా ఉంటుంది."

"కొట్టిందెవరు సార్?"

"నీకెందుకు? భూమన్న అని రాసి ఉంది కదా."

ఆయనకు భూమన్న ఎవరో తెలియదు. నా పేరులో తండ్రి పేరు బి. అని మాత్రమే ఉంటుంది. నేనూ చెప్పలేదు.

మే 18, ఆదివారం

అవ్వ ఈ రెండు రోజులుగా నాతో ఎక్కువ మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది. తిన్నానో లేదో చూస్తుంది.

ఐదో చోటు. అంతదాకా ఎవరూ రారు.

మే 20, మంగళవారం

ఇంట్లో ఉంటే వినబడదు కదా, అక్కడికే పోతాను అనుకున్నాను. సంజీవ్ స్కూటీ అడిగి తీసుకున్నాను. గని మట్టి దిబ్బలు చుట్టి, పాత బడి బాట పట్టి, తొమ్మిదీ నలభైకి గడ్డ ఎక్కాను. బాపును మోసుకొచ్చిన రోజు తర్వాత ఇటు రావడం ఇదే. మూడేళ్లలో ఒక్కసారీ రాలేదు. ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

సర్కారు తుమ్మ మొలిచింది. ఇంకేం మారలేదు అనుకుంటూ నాలుగు అడుగులు వేశాను. అప్పుడు సున్నం గీత కనబడింది. గడ్డ చుట్టూ, బొందల మధ్య నుంచి, తిన్నగా. మూలమూలకూ ఎర్ర గుడ్డ కట్టిన గూటాలు. ప్రతి గూటం మీదా పెయింటుతో అంకె.

అన్నిటి మీదా అంకె ఒకటి, మొదట తవ్వే చోటని. ఐదు కాదు.

ఎవరు వేశారో ఏమో. టెండరు తెరవకముందే గీత గీశారంటే ఎవరికి వస్తుందో ఆ కాంట్రాక్టరుకు ముందే తెలుసన్నమాట. ఇక్కడి నుంచి రోడ్డు దగ్గర. లారీ వాడు దగ్గరిది వదిలి దూరంది తవ్వుతాడా? ఆ పాటి సంగతి నాకు తోచలేదా? తోచింది. మే 8నే తోచింది.

బాపు తలాపున నల్లరాయి ఉంది. గీత గీసినవాళ్లు సున్నం డబ్బా దాని మీద పెట్టినట్టున్నారు, రాయి మీద పలచగా సున్నప్పొడి. దాని పక్కన కూర్చున్నాను. ఎండ మాడుతోంది. గాలి లేదు. ఫోన్లో పది అయింది.

ఏమీ వినబడలేదు. లారీలు కూడా వినబడలేదు.

రాయి మీద సున్నం కదిలింది. పొడి కొంచెం పైకి లేచి పడింది. రెండుసార్లు. ఆగింది. మూడుసార్లు గబగబా. చేత్తో రాయిని తాకబోయి ఆగిపోయాను. మళ్లీ రెండు. ఆగింది. మూడు. గని బ్లాస్టింగు అనుకున్నాను. బ్లాస్టింగు మధ్యాహ్నం చేస్తారు, పొద్దున కాదు. పైగా దానికి లెక్కలు రావు.

చివరికి రాయి అంచు మీద ఉన్న పొడి మాత్రం ఒక్కసారి ఎగిరింది. తర్వాత అంతా మామూలే. లారీల చప్పుడు మళ్లీ మొదలైంది.

స్కూటీ స్టార్ట్ కావడానికి పది కిక్కులు కొట్టాను.

మే 21, బుధవారం

గడువు ఆఖరి రోజు. అభ్యంతరాల గడిలో ఏమీ రాకపోతే "నిరంక్" అని రాయాలి. ఏమీ లేదు అని.

నిరంక్ అని రాశాను.

మే 22, గురువారం

అవ్వకు చెప్పేశాను. అంతా. సర్టిఫికెట్, బాపు పేరు, గూటాలు, నిరంక్. పొద్దున పొయ్యి దగ్గర, చాయ్ కాగుతుండగా.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చాయ్ పొంగి పొయ్యిలో పడింది, అవ్వ చూడలేదు.

"గందుకా" అంది. "నువ్వు కాయితం మీద మీ బాపు కొట్టిండని రాస్తివి. కొట్టకుంటె బిడ్డ రాసింది అబద్ధమైతది. గందుకని లేసి కొట్టిండు" అంది.

నేను గుడ్డతో పొంగిన చాయ్ తుడిచాను.

"ముప్పై ఏండ్లు కొట్టిండు సుభా. ఎండకు కొట్టిండు, జ్వరంల కొట్టిండు. ఊరు లేపుతున్నరని ఆఖరి చాటింపు గూడ ఆయినతోనే కొట్టిచ్చిన్రు. మనిషి గిప్పుడన్న పండుకున్నడు అనుకున్న. గదీ పండనీయక పోతివా."

ఆ తర్వాత అవ్వ చాయ్ గిన్నె కడగడానికి బయటికి పోయింది. చాలాసేపు కడిగింది.

మే 23, శుక్రవారం

అనంతరావు సాహెబ్‌కు రాసిచ్చాను. మా పెద్ద ఆఫీసరు. "జునా ఈదులగూడలో నోటీసు అంటించలేదు. చాటింపు వేయించలేదు. నేను రాసిన సర్టిఫికెట్ అబద్ధం." మరాఠీలో మూడు వాక్యాలు. రాయడానికి పొద్దంతా పట్టింది.

వినాయక్ సార్ నా వైపు చూడలేదు. సాయంత్రం వెళ్లేటప్పుడు మాత్రం, "నీ ఉద్యోగం పోతుంది, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను.

మే 26, సోమవారం

సాహెబ్ విచారణ పెట్టాడు. కాలనీ నుంచి పన్నెండు మంది రెండు ఆటోల్లో వచ్చారు. ఆఫీసు కూలరు ముందు వరసగా కూర్చోబెట్టారు. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకొచ్చారు, సర్కారు పిలిచింది కదా అని.

సాహెబ్ ఒక్కొక్కరినే అడిగాడు. దవండి విన్నారా?

"ఇన్నం సాబ్."

"ఎన్నిసార్లు?"

"మూడు మంగళారాలు. పొద్దుగాల పదింటికి."

తడబాటు లేదు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పింది అచ్చు గుద్దినట్టు ఒకటే. తేదీలు, వేళ, నా సర్టిఫికెట్‌లో ఉన్నట్టే. సాహెబ్ పెన్ను కింద పెట్టి నన్ను చూశాడు. "పన్నెండు మంది విన్నామంటున్నారు. నువ్వొక్కదానివే కొట్టలేదంటున్నావు. నేను ఎవరిని నమ్మాలి? నోటీసు సక్రమమే. గడువు అయిపోయింది. టెండరు ఎల్లుండి తెరుస్తాం."

వాళ్ల వైపు తిరిగి మన మాటలో చెప్పాను. "తవ్వేది మన బొందలగడ్డ. మీరు ఇన్నమంటె సర్కారు మీకు చెప్పినట్టే, మీరు కాదనలేదన్నట్టే. గడ్డ పోతది."

పట్టుచీరలు కదలలేదు. మల్లమ్మ పెద్దవ్వ నన్ను చూసిన చూపు ఎట్లా రాయను. బస్‌స్టాప్‌లో నన్ను మట్టి ఎక్కడిదని అడిగింది ఆమె. "ఇన్నదాన్ని ఇనలేదని ఎట్లనాలె బిడ్డా?" అంది.

అవ్వ అందరికంటే వెనక, తలుపు పక్కన నేల మీద కూర్చుంది. లేచి వచ్చి కొంగు ముడి విప్పింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి సాహెబ్ బల్ల మీద పరిచింది. బాపు మరణ సర్టిఫికెట్.

సగం మరాఠీ, సగం మన మాట కలిపి చెప్పింది. "నేను ఇన్ననో ఇనలేదో అడుగకుండ్రి సాబ్. మీ కాయితంల రాసి ఉన్నడు సూడున్రి, భూమన్న. నా పెనిమిటి. సచ్చి మూడేండ్లాయె. సచ్చినోని తోటి పని చేపిచ్చుకునుడు సర్కారుల ఉన్నదా?"

సాహెబ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒక పేరు మీద వేలు పెట్టి, రెండో పేరు మీద వేలు పెట్టాడు. వినాయక్ సార్ నా ముఖం చూశాడు, తర్వాత నా టేబుల్ మీది పేరు పలక చూశాడు. బి. అంటే ఏమిటో అప్పుడు తెలిసింది ఆయనకు.

ఆ తర్వాత సాహెబ్ వాళ్లనే అడిగాడు, గొంతు తగ్గించి. "మరి మీరు విన్నది ఎవరిది?"

పన్నెండు మందిలో ఒక్కరూ జవాబు చెప్పలేదు. తెలియక కాదు.

మే 27

సర్టిఫికెట్ రద్దు. పాత నోటీసు రద్దు. మళ్లీ మొదటి నుంచి పదిహేను రోజులు. నాకు మెమో. జూన్ ఆఖరు దాకా ఉండొచ్చు, తర్వాత వద్దు.

మే 29, గురువారం

వినాయక్ సార్ కొత్త నోటీసు ఐదు ప్రతులు నా టేబుల్ మీద పెట్టాడు. "జునా ఈదులగూడకు కోత్వాల్ లేడు. దవండి ఎవరు కొడతారని రాయను?"

నా పేరు రాయమన్నాను. ఆయన రాశాడు. ఆ తర్వాత తన సీసాలోంచి నాకు మంచినీళ్లు పోసి ఇచ్చాడు.

జూన్ 1, ఆదివారం

అవ్వ అటక మీది నుంచి బాపు డప్పు దించింది. ఇన్నాళ్లూ గోనెసంచిలో చుట్టి పెట్టింది. చర్మం మెత్తబడి గుడ్డలా ఉంది. వాకిట్లో గడ్డి మంట వేసి కాపడం నేర్పింది. దగ్గరగా పెడితే పగులుతుంది, దూరం పెడితే బిగియదు. కుడిచేతికి లావు సిర్ర, ఎడమచేతికి సన్నపుల్ల. ఆడవాళ్లు డప్పు ముట్టడమేందని అడుగుతారని చూశాను. కాలనీ అంతా గుమ్మాల్లో నిలబడి చూసింది, ఎవరూ అడగలేదు.

నా చేతికి ఆ రెండూ, ఆ మూడూ వస్తాయి. మధ్యలో ఆగడం రావట్లేదు. తొందరపడతాను.

"మీ బాపు గాడ ఊపిరి తీసుకుంటుండె" అంది అవ్వ. "నువ్వు గూడ తీసుకో."

జూన్ 3, మంగళవారం

తొమ్మిదిన్నరకు గడ్డ ఎక్కాను. మారుతిని రమ్మన్నాను, గుట్ట కింద బండి దగ్గరే నిలబడ్డాడు. పైకి రానన్నాడు. బలవంతపెట్టలేదు.

అంటించడానికి గోడ లేదు. నోటీసును చెక్కకు అంటించి, చెక్కను తుమ్మ చెట్టుకు కట్టాను. ఫోటో తీశాను. తేదీ, వేళ వచ్చేటట్టు. పొద్దున కాలనీలోనే డప్పు కాపి తెచ్చాను, ఎండకు ఇంకా బిగుసుకుంది.

పదింటికి కొట్టాను. రెండు. ఊపిరి. మూడు. బాపు తొమ్మిది మూలలు తిరిగేవాడు. ఇక్కడ మూలలు లేవు, గూటాలున్నాయి. గూటం గూటం దగ్గరా నిలబడి కొట్టాను. కొట్టాక నోటీసు చదివాను. ముందు మరాఠీలో, తర్వాత మన మాటలో. చివర నాది కలిపాను. "మొన్న చాటింది తప్పు. భూమన్న చాటలేదు, ఆయిన పేరు మీద నేను రాసిన. గిది ఖరా. అభ్యంతరం ఉన్నోళ్లు పదిహేను దినాలల్ల చెప్పుకోవాలె." ఎవరికి చెబుతున్నానో తెలియకుండానే మొండయ్య పెదబాపు బొంద వైపు తిరిగి చెప్పాను, ఆ పక్కన ఉన్న చిన్న బొంద వైపు కూడా.

ఎండకు కళ్లు తిరిగాయి. ఆరో గూటం దగ్గర లెక్క తప్పింది. మూడు బదులు నాలుగు పడ్డాయి. ఆగి, మళ్లీ అందుకున్నాను. నా డప్పు తప్ప నాకింకేమీ వినబడలేదు. బాపు తలాపు రాయి దగ్గరికి పోయి చూశాను. సున్నప్పొడి కదలకుండా ఉంది. ఆఖరున అంచు మీద ఒకటి కొట్టి, సిర్ర రాయి మీద పెట్టి, మూడేళ్లకు మొక్కాను. ఇక పండుకో బాపూ అన్నాను.

కాలనీకి వచ్చేసరికి మల్లమ్మ పెద్దవ్వ ఇంటి ముందు అరుగు మీద అందరూ ఉన్నారు. సంజీవ్ మరాఠీలో అభ్యంతరం రాసి పెట్టాడు. ఒక్కొక్కరే వచ్చి కింద వేలిముద్ర వేస్తున్నారు. పెద్దవ్వ ముద్ర మొదటిది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. నేను వచ్చేటప్పటికి అరవై మూడు ముద్రలు. ఈసారి ఆ గడిలో నిరంక్ అని ఎవరూ రాయలేరు.

అవ్వ గడపలో కూర్చుని ఉంది. డప్పు నా భుజం మీది నుంచి తీసుకుని, చర్మం మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది.

"ఇనవడ్డదా అవ్వా?"

"ఇనవడ్డది."

"ఎట్ల కొట్టిన?"

అవ్వ డప్పును గోనెసంచిలో చుడుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"రెండు డప్పులు మోగినయి. ఒకటి నడుమ ఒకసారి లెక్క తప్పింది. రెండోది ఆగింది, అది అందుకునేదాక. తప్పింది నీదే."